క్లిష్టత నెవరు మోయవలెను?

పనిని సులభము చేయుటకై యేర్పడిన నియమములు కొంతకాలమునకు ఆ పనికంటెను కష్టమైన చదువుగా పరిణమించుట లోకమున తఱచుగా చూచుచున్నాము. చట్టములందును, వ్యాకరణములందును, గృహాచారములందును ఇట్లే జరిగినది. మొదటి నియమమును చేసినవాడు మంచి యుద్దేశముతోనే చేసెను. దానికి మినహాయింపు చేర్చినవాడును మంచి యుద్దేశముతోనే చేర్చెను. తుదకు నియమములును, మినహాయింపులును, మినహాయింపులకు మినహాయింపులును పెరిగి, వానిని పాటింపవలసిన సామాన్యుడు దిక్కు తోచక నిలిచెను. ఈ యనర్థమున కెవరు బాధ్యులు? నియమము చేయువానికి, దానిని మోయువారి యెడల గల ధర్మమేమి? ఈ ప్రశ్నను విచారించుటకు మన కాలమున మిక్కిలి యనుకూలమైన యుదాహరణ మొకటి కలదు. అది కంప్యూటరులకు పని చెప్పుటకై మనుష్యులు కల్పించిన ప్రోగ్రామింగు భాషల చరిత్రము. మనము మాటలాడు భాషలకు కర్త యెవడో చెప్పలేము. ఈ భాషలకు కర్తలు కలరు. ఏ సంవత్సరమున, ఏ సౌకర్యమును, ఏ కారణముచేత చేర్చిరో పలుమాఱు వారే వ్రాసి యుంచిరి. దాని ఫలమును పదియేండ్లకో, యిరువదియేండ్లకో లోకము చూచినది. కావున ఇచ్చట ఉద్దేశమును ఫలమును ప్రక్కప్రక్కన బెట్టి తూచి చూడవచ్చును.

ఈ విద్యతో పరిచయము లేని చదువరులకై కొన్ని మాటలు ముందుగా చెప్పవలసి యున్నది. కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసిన లేఖనమునకు ప్రోగ్రామని పేరు. ఆ వ్రాతను యంత్రమునకు తెలియు సంకేతములుగా మార్చునది కంపైలరు. అదియు నొక ప్రోగ్రామే. 1957లో ఫోర్ట్రాన్ అను భాష వెలువడినది మొదలు నేటివరకు ఇట్టి భాషలు వందలకొలది పుట్టినవి. భాషలో క్రొత్తగా చేర్చబడు చెప్పు విధానమును మనము సౌకర్యమందము. పేర్ల పట్టికను అక్షరక్రమమున అమర్చు పద్ధతి నొకదానిని వ్రాసితి మనుకొనుడు. అంకెల పట్టికకును, తేదీల పట్టికకును దానినే మరల మరల వ్రాయనక్కఱ లేకుండ, ఒక్కసారి వ్రాసినది యెల్ల పట్టికలకును చెల్లునట్లు భాషలో వీలు కల్పించినచో అది యొక సౌకర్యము. దీనికి జెనెరిక్కులని పేరు.

ఇందు సంబంధించినవారు నలుగురు. భాషను కల్పించు నిర్మాత యొకడు. దానికి కంపైలరు కట్టువాడొకడు. ఆ భాషలో ప్రోగ్రాము వ్రాయువాడొకడు. ఒకరు వ్రాసినదానిని తరువాతి కాలమున చదివి సవరించువాడొకడు. మొదటి యిద్దఱు కొద్దిమంది. తక్కిన యిద్దఱు లక్షలకొలది. వీరందఱి వెనుక ఐదవవాడు కలడు. అతడు బ్యాంకులో పైకము దాచుకొన్నవాడు, రైలు టిక్కెట్టు తీసికొన్నవాడు, ఆసుపత్రిలో పరీక్షాఫలమునకై వేచియున్నవాడు. అతనికి ఈ భాషల పేర్లైనను తెలియవు. తప్పు జరిగినపుడు నష్టము మాత్ర మతనిది.

1986లో ఫ్రెడ్ బ్రూక్స్ అను అమెరికను పండితుడు ప్రోగ్రాముల యందలి క్లిష్టతను రెండు తెగలుగా విభజించి చూపెను. ఆ విభాగమునకు అరిస్టాటిలు తత్త్వవేత్త పరిభాష నాశ్రయించెను. మన శాస్త్రముల మాటలలో చెప్పినచో, ఒకటి స్వాభావికము, రెండవది ఆగంతుకము. రైలులో మిగిలిన ఒక్క బెర్తును హైదరాబాదునుండి యొకరును విశాఖపట్టణమునుండి యొకరును ఒకే క్షణమున కోరినప్పుడు అది యెవరి కీయవలెనను చిక్కు స్వాభావికము. ఏ భాషలో వ్రాసినను అది తప్పదు. ఆ చిక్కును తీర్చు విధమును చెప్పుటకు భాషలో తగిన మాట లేక, ఇరువది పంక్తులు డొంకతిరుగుడుగా వ్రాయవలసి వచ్చుట ఆగంతుకము. మంచి భాష యీ రెండవదానిని తొలగింపగలదు. మొదటిదానిని ఏ భాషయు తొలగింపజాలదు. ఒకరి నెత్తినుండి మఱియొకరి నెత్తికి మార్చగలదు. బావిలోని నీరు వంటయింటికి రావలెనన్నచో నెవరో యొకరు తోడక తప్పదు. తోడువారెవరో నిర్ణయించుటయే యింటి యజమాని చేయు పని.

కాబట్టి క్లిష్టతను తగ్గించు ఉపాయ మేమి యనునది శిల్పమునకు సంబంధించిన ప్రశ్న. మిగిలిన క్లిష్టత నెవరు మోయవలెననునది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. నిర్మాత యొక సౌకర్యమును చేర్చుచు ఇది సులభమని చెప్పినపుడు, ఎవరికి సులభమని మన మడుగవలెను. కట్టువానికా? వ్రాయువానికా? పదియేండ్ల తరువాత చదువువానికా? ఈ మూడును ఒక్కటి కావు. కొన్నియెడల పరస్పర విరుద్ధములు. నా తలంపున, తెలిసి యెన్నుకొన్నవాడును, సంఖ్యలో కొద్దివాడును, నేర్పుగలవాడును నైన నిర్మాతయే మోయగలిగినంత మోయవలెను. అతడు ఒక నెల యధికముగా శ్రమపడినచో లక్షలమందికి దినమునకు పది నిమిషములు మిగులును. అతడు తన శ్రమను తప్పించుకొన్నచో ఆ శ్రమ నశింపదు; లక్షలుగా పెరిగి లోకముమీద పడును.

దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము టోనీ హోర్ అను ఆంగ్ల పండితుని చరిత్రలో నున్నది. 1965లో ఆయన ఆల్గాల్ డబ్ల్యు అను భాష యొక్క రూపకల్పనలో పాల్గొనుచు, వస్తువులను సూచించు చీటీల వంటి వానికి నియమము లేర్పఱచెను. చీటీమీద ఒక చిరునామా యుండును. ఆ చిరునామాకు పోయినచో వస్తువు దొరకును. ప్రతి చీటీయు సరియైన వస్తువును చూపునట్లు కంపైలరే పరీక్షింపవలెనని ఆయన సంకల్పము. అయినను చిరునామా లేని వట్టి చీటీని గూడ ఆయన అంగీకరించెను. కట్టుటకు మిక్కిలి సులువు గనుక ఆ ప్రలోభమునకు లోబడితినని 2009లో లండనునగరమున జరిగిన యొక సభలో ఆయనయే చెప్పుకొని, దానివలన నలువది యేండ్లలో కలిగిన నష్టము నూరు కోట్ల డాలర్లుండునని యంచనా వేసెను. చిరునామా తప్పక యున్న చీటీకిని, ఉండియుండక పోవచ్చునను చీటీకిని భాష భేదము చూపనందున, చీటీ చేతబట్టిన ప్రతివాడును ప్రతి గడపయొద్దను నిలిచి, ఇందులో వ్రాత యున్నదా లేదా యని చూచుకొనవలసి వచ్చెను. చూచుట మఱచినచోట ప్రోగ్రాము కూలెను. కట్టువాని కొక్క పూట కలిసివచ్చినది. వ్రాయువారికి తరతరముల కాపలా పని దాపురించినది.

ఈ కథలో మఱియొక పాఠము కలదు. స్విఫ్టు (2014), కాట్లిన్ (2016) మొదలైన భాషల నిర్మాతలు ఈ రెండు విధముల చీటీలను ఆదియందే వేఱుచేసిరి. వట్టిది కావచ్చునన్న చీటీని పరీక్షింపక వాడినచో కంపైలరు ఒప్పుకొనదు. కాని 2002లో వెలువడిన సి-షార్ప్ భాషలో ఈ భేదమును 2019లో చేర్చవలసివచ్చినపుడు, అప్పటికే వ్రాయబడియున్న పాత ప్రోగ్రాములు చెడకుండుటకై దానిని కోరినవారికి మాత్రమే వర్తించు హెచ్చరికగా నుంచిరి. గోడ లేచిన తరువాత పునాదిని సవరించుట ఎంత కష్టమో యిందువలన తెలియుచున్నది. భాషలో చేర్చుటకు ఒక యేడు చాలును. తీసివేయుటకు ఒక తరము చాలదు. చేర్చునపుడు జాగ్రత్త పడవలెననుటకు ఇదియే ముఖ్యకారణము.

ఒక్కొక్క సౌకర్యమును విడిగా పరీక్షించి, ఇది మంచిది, అది మంచిది యని చేర్చుకొనుచు పోయినచో భాష మంచిదగునా? కాదు. ఉమ్మడికుటుంబమున కొక మనిషి వచ్చి చేరినప్పుడు ఇంటికి ఒక్క చుట్టరికము చేరదు. అప్పటికే యింటనున్న ప్రతివారితోను ఒక్కొక్క చుట్టరిక మేర్పడును. భాషలో ఇరువది సౌకర్యములున్నచో వాని నడుమ జంటలు 190. ఇరువదియొకటవది చేరగానే అవి 210 అగును. నిర్మాత చేర్చినది ఒకటి. విచారింపవలసిన క్రొత్త సంబంధములు ఇరువది. మూడేసి కలిసినప్పుడు పుట్టు చిక్కులను లెక్కించినచో సంఖ్య యింకను పెరుగును.

జావా భాష చరిత్రము దీనికి తార్కాణము. 1996లో ఆ భాష వెలువడినపుడు దానిలో జెనెరిక్కులు లేవు. అన్ని విధముల వరుసలకును ఒకే పద్ధతి చెల్లవలెనను కోరికతో, అక్షరమాలల వరుసను ఏ వస్తువుల వరుసగానైనను చూడవచ్చునని నియమించిరి. అప్పటికి అది తెలివైన యుపాయమే. కాని అట్లు చూచినవాడు ఆ వరుసలో అక్షరమాలకు బదులు మఱియొక వస్తువును పెట్టబోవచ్చును గదా! అందుచేత పెట్టుసమయమున యంత్రము పరీక్షించి, తప్పైనచో ప్రోగ్రామును నిలుపవలసి వచ్చెను. ముందుగా కంపైలరు పట్టుకొనవలసిన దోషము పని నడుచుచుండగా బయటపడసాగెను. 2004లో జెనెరిక్కులు వచ్చినవి. వానిలో ఈ ప్రమాదము రాకుండ, అక్షరమాలల జాబితాను వస్తువుల జాబితాగా చూడరాదని నియమము. ఇప్పుడు ఒకే భాషలో వరుసకు ఒక న్యాయము, జాబితాకు ఒక న్యాయము. ఇట్లేల యని విద్యార్థి యడిగినచో దాని కుత్తరము తర్కమున లేదు, చరిత్రమున నున్నది. కఠినమైన యీ నియమమును కొంత సడలించుటకు వైల్డ్‌కార్డులను వేఱొక సౌకర్యమును గూడ చేర్చిరి. తుదకు 2016లో నాడా అమీన్, రాస్ టేట్ అను పండితులిద్దఱు, ఈ వైల్డ్‌కార్డులును పూర్వోక్తమైన వట్టి చీటీయు కలిసినచో, ఒక రకపు వస్తువు మఱియొక రకపు వేషమున కంపైలరు కన్నుగప్పి పోగలదని నిరూపించిరి. పండ్రెండేండ్లపాటు ఆ సందు ఎవరికిని కానరాలేదు. విడిగా చూచినచో ఒక్కొక్కదానికి సమర్థన కలదు. దోషము కలయికలో నున్నది.

నియమముల కలయికను గూర్చి ముందే చింతించిన శాస్త్రమొకటి మన దేశమున కలదు. పాణిని యష్టాధ్యాయిలో సుమారు నాలుగువేల సూత్రములున్నవి. వానిలో కొన్ని శబ్దములను గూర్చినవి కావు. సూత్రములను గూర్చిన సూత్రములు. సమానబలము గల రెండు నియమములు ఒకేచోట ఎదురుపడినచో తరువాతి దానిని గ్రహింపవలెనని యొకచోట చెప్పెను. చివరి మూడు పాదములలో జరిగిన మార్పులు వానికి ముందున్న సూత్రముల దృష్టిలో జరుగనట్లే యుండవలెనని మఱియొకచోట చెప్పెను. అనగా పాణిని నియమములను చేర్చి యూరకుండక, వాని కలహములను తీర్చు న్యాయస్థానమును గూడ గ్రంథములోనే కట్టెను. ప్రోగ్రామింగు భాషల వ్యాకరణమును వ్రాయుటకు బాకస్ పండితుడు 1959లో వెలువరించిన సంకేతపద్ధతికి పాణిని పేరును గూడ జోడింపవలెనని 1967లో ఇంగర్మన్ అను నతడు సూచించుటకు ఇట్టి సామ్యమే హేతువు. ఇది చెప్పి, సంస్కృతము కంప్యూటరునకు ఉత్తమభాష యని ఊరేగుచున్న వదంతిని బలపఱచుట నా యుద్దేశము కాదు. పూర్వుల ఘనతను చాటుకొనుటకంటె వారి పనినుండి నేర్చుకొనుట మనకు శ్రేయస్కరము.

నేర్చుకొనవలసినదానిలో ఒక హెచ్చరికయు కలదు. సూత్రకారులకు లాఘవమే పరమధర్మము. ఒక్క యక్షరము తగ్గినను వారికి పండుగ. ఆ సంక్షేపమువలన కలిగిన కష్టమును మోసినవా రెవరు? కాత్యాయనుడు వార్తికములు వ్రాయవలసి వచ్చెను. పతంజలి మహాభాష్యము వ్రాయవలసి వచ్చెను. ఒక్క రూపమును సాధించుటకు విద్యార్థి యెనిమిది యధ్యాయములందును వెదకులాడవలసి యుండెను. పదునేడవ శతాబ్దమున భట్టోజి దీక్షితుడు సూత్రములను విషయక్రమమున మార్చి సిద్ధాంతకౌముదిని కూర్చెను. ఆయన శిష్యుడు వరదరాజు బాలురకై దానిని లఘుకౌముదిగా సంక్షేపించెను. వీరు వ్యాకరణమున క్రొత్త నియమమును చేర్చలేదు. విద్యార్థి నెత్తినున్న బరువును తమ నెత్తి కెత్తుకొనిరి. పొట్టిగా నున్నదెల్ల సులభము కాదని దీనివలన గ్రహింపవలెను. నేటి భాషలలోను రెండు గుర్తులతో ఒక పేజీ పనిని చెప్పగల సౌకర్యములను చూచి మురియువారు కలరు. వ్రాయువానికి మిగిలిన యక్షరములను చదువువాడు తన యాలోచనతో మరల పూరింపవలెనని వారు తలపోయరు.

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చును. “సౌకర్యము ఐచ్ఛికము గదా! ఇష్టములేనివాడు వాడకుండవచ్చును. నిపుణునికి గావలసినదానిని అనిపుణుని పేరు చెప్పి యేల నిషేధింపవలెను?” వినుటకిది స్వేచ్ఛావాదమువలె నుండును. కాని ప్రోగ్రాము వ్రాయువాడు వ్రాయుటకంటె చదువుట యెక్కువ. తోటివాడు వాడిన సౌకర్యమును వీడు నేర్వక తప్పదు. ఇతరులు వ్రాసిన భాండారములను వాడుకొనునపుడు వానిలోని చిక్కులన్నియు వీని దోషపత్రములలో ప్రత్యక్షమగును. సి-ప్లస్‌ప్లస్ భాషలో జెనెరిక్కుల వంటి టెంప్లేటులు చేరిన తరువాత, 1994లో ఎర్విన్ ఉన్రూ అను నతడు ఒక విచిత్రమైన ప్రోగ్రామును ప్రదర్శించెను. ఆ ప్రోగ్రాము కంపైలరును దాటి నడువనే నడువదు. కాని కంపైలరు చూపిన తప్పుల పట్టికలో 2, 3, 5, 7 మొదలైన ప్రధానసంఖ్యలు వరుసగా వచ్చినవి. అనగా టెంప్లేటులు తమలోతామే యొక రహస్యభాషగా పరిణమించినవి. అట్టి భాషను చేయవలెనని నిర్మాతలు సంకల్పింపలేదు. తరువాత ఆ శక్తిని పండితులు అనేక సత్కార్యములకు వాడుకొనిరి. సామాన్యునికి మాత్రము ఒక చిన్నతప్పునకు పేజీలకొలది దుర్బోధమైన దోషపత్రము లభించెను. అతడు టెంప్లేటు నొక్కదానినైనను స్వయముగా వ్రాసి యుండలేదు. ఐచ్ఛికమను మాట వ్రాయువానికే చెల్లును గాని చదువువానికి చెల్లదు.

ఇంత విన్న తరువాత, ఏ సౌకర్యమును చేర్చకుండుటయే క్షేమమని కొందఱు తలంపవచ్చును. ఇదియు సగము సత్యమే. 2009లో గూగుల్ సంస్థవారు ప్రకటించిన గో అను భాషను దాని కర్తలు కావలెననియే చిన్నదిగా నుంచిరి. జెనెరిక్కులను అందులో చేర్చలేదు. తగిన రూపము దొరకునంతవరకు వేచియుండెదమనిరి. భాష నేర్చుటకు తేలికయై వేగముగా వ్యాపించెను. కాని తొలగిన క్లిష్టత యెచ్చటికి పోయినది? పట్టికను క్రమమున అమర్చవలెనన్నచో ప్రతి రకపు పట్టికకును పొడవెంత, ఏది చిన్నది, రెంటిని తారుమారు చేయుట యెట్లు అను మూడు చిన్న పద్ధతులను వాడుకరులు మొదటి యేండ్లలో మరల మరల వ్రాసికొనిరి. కొందఱు రకముల పరీక్షను విడిచిపెట్టి ప్రమాదమున కొడిగట్టిరి. కొందఱు ప్రోగ్రాములను వ్రాయు ప్రోగ్రాములను కల్పించుకొనిరి. భాష చిన్నదిగా నిలిచెను. ఆ భాషలోని వ్రాతలు పెద్దవైనవి. ఇంట వస్తువులు లేవు గనుక ఇల్లు శుభ్రముగా నున్నదని మురిసి, బిందె కావలసినప్పుడెల్ల పొరుగింటికి పోవువాని సుఖము వంటిదిది.

అయినను గో కర్తల నడతలో మెచ్చదగిన గుణము కలదు. వారు కాదనుచు కూర్చుండలేదు. పలు ప్రతిపాదనలను వ్రాసి, లోపములు చూచి, విడిచిరి. 2018లో జెనెరిక్కులకై కాంట్రాక్టులను క్రొత్త భావమును ప్రతిపాదించిరి. అది భాషలో అప్పటికే యున్న ఇంటర్‌ఫేసులను భావమునకు మిక్కిలి దగ్గఱగా నుండి, రెంటికిని భేదమేమని చదువరులు తికమకపడిరి. 2020లో కాంట్రాక్టులను తొలగించి, పాత భావమునే కొంచెము విస్తరించి పని గడుపుకొనిరి. జావా జెనెరిక్కుల మూలరూపమును కల్పించినవారిలో నొకడైన ఫిలిప్ వాడ్లర్ పండితుడు తన సహచరులతో కలిసి, గో భాషనుండి ముఖ్యాంశములను మాత్రము వేఱుచేసి ఒక చిన్న నమూనాభాషను నిర్మించి, దానిమీద ఆ క్రొత్త నియమములు నిలుచునని గణితమార్గమున చూపెను. 2022 మార్చి నెలలో ఆ సౌకర్యము భాషలో చేరినది. పండ్రెండేండ్ల యాలస్యమువలన వాడుకరులు కష్టపడిన మాట నిజమే. ఆ కష్టమును నిర్మాతలు తమ సోమరితనమునకు సాకుగా వాడుకొనలేదన్న మాటయు నిజమే.

నిర్మాత బరువెత్తుకొనుటకు రస్ట్ అను భాష మంచి యుదాహరణము. జ్ఞాపకశక్తియందలి చోటు నెవరు వాడుచున్నారు, ఎప్పుడు విడువవలెను అనునది స్వాభావికమైన క్లిష్టత. సి భాష దానిని పూర్తిగా వ్రాయువాని జాగ్రత్తకు వదలెను. ఆ జాగ్రత్త తప్పినచోట్ల దొంగలు దూరిరి. 2015లో స్థిరరూపమును పొందిన రస్ట్, ప్రతి వస్తువునకును ఒక యజమాని యుండవలెననియు, ఎరువు తీసికొన్నవాడు యజమాని యనంతరము దానిని వాడరాదనియు నియమించి, ఆ నియమమును కంపైలరుచేత పరీక్షింపజేసెను. మొదట ఆ పరీక్ష మొరటుగా నుండి, నిర్దోషములైన ప్రోగ్రాములను గూడ త్రోసిపుచ్చుచుండెను, నేర్చుకొనువారు విసిగిరి. నిర్మాతలు మీకు తెలివి చాలదని వారిని నిందింపలేదు. సంవత్సరముల శ్రమతో పరీక్షనే సూక్ష్మతరము చేసి, 2018 డిసెంబరులో ప్రకటించిరి. నియమము మాఱలేదు, దానిని గ్రహించు భారము మనుష్యునినుండి యంత్రమునకు కొంత జరిగెను. రస్ట్ ఇప్పటికిని సులభమైన భాష కాదు. కాని అందలి కష్టములో హెచ్చుభాగము విషయమునకు సహజమైనది. అది వ్రాయునపుడే యెదురగును గాని, అర్ధరాత్రమున ఎవరిదో ఖాతా తారుమారైనపుడు కాదు.

ఇప్పటివరకు చూచినదానినిబట్టి నిర్మాతకు మూడు విధులు తేలుచున్నవి. మొదటిది, క్రొత్త సౌకర్యమును పాత సౌకర్యములతో జతజతగా నిలిపి, చిన్న నమూనామీద ముందుగా పరీక్షించుట. రెండవది, శాశ్వతముగా చేర్చకముందు తాత్కాలికముగా వాడుకలో నుంచి, తగదని తోచినచో సిగ్గుపడక వెనుకకు తీసికొనుట. టెంప్లేటుల దోషపత్రముల బాధను తీర్చుటకై సి-ప్లస్‌ప్లస్ సంఘమువారు కాన్సెప్టులను సౌకర్యమును చాల యేండ్లు సిద్ధపఱచి, అది మితిమీరి పెరిగినదని గ్రహించి 2009లో తొలగించిరి. తగ్గించిన రూపమున అది 2020లో చేరినది. జావాలో అక్షరమాలల మూసలను గూర్చిన యొక సౌకర్యమును 2023లోను 2024 మొదటను ప్రయోగాత్మకముగా విడుదల చేసి, అనుభవము చూచి, 2024 సెప్టెంబరు విడుదలలో ఉపసంహరించిరి. లోకులు దీనిని అపజయమందురు. నేను మర్యాద యందును. మూడవది, కాదన్నదానికిని కారణము వ్రాసియుంచుట. పైథాన్ భాషవారు 2000 సంవత్సరమునుండి ప్రతిపాదనలను సంఖ్యలతో భద్రపఱచుచు, తిరస్కరింపబడినవానిని గూడ కారణసహితముగా నిలిపియుంచుచున్నారు. కారణము తెలిసినవాడు నియమమును గౌరవించును, లేదా యుక్తితో ఎదిరించును. కారణము తెలియనివాడు భయపడును, లేదా మొక్కును.

ఎదిరించుటకును ఇందు స్థానము కలదు. 1968లో ఆల్గాల్ 68 అను భాష సిద్ధమైనపుడు దానిని నిర్మించిన సంఘములోనే కొందఱు సభ్యులు, నమ్మదగిన ప్రోగ్రాములను నిర్మించుటకు సాధనముగా అది విఫలమైనదని భిన్నాభిప్రాయపత్రమును వ్రాసి సంతకములు చేసిరి. వారిలో డైక్‌స్ట్రా పండితుడును, పూర్వోక్తుడైన హోర్ పండితుడును కలరు. సంఘము ఆ భాషను ఆమోదించెను. ఆ భాషలోని భావములు కొన్ని తరువాతి భాషలకు పనికివచ్చినవి. భాష మాత్రము బహుళముగా వ్యాపింపలేదు. ఆ పత్రము నాడు గెలువలేదు గాని, నిర్మాతల సభలో వాడుకరి పక్షమున మాటలాడువా డొకడుండవలెనను ఆచారమునకు అది సాక్ష్యముగా నిలిచినది.

ఈ విచారము ప్రోగ్రామింగు భాషలకు మాత్రమే చెందినది కాదని చదువరులు గ్రహించియుందురు. పాఠశాలకు క్రొత్త పాఠ్యక్రమమును వ్రాయువారును, కార్యాలయమునకు క్రొత్త దరఖాస్తు పత్రమును కల్పించువారును, ఇంటికి క్రొత్త యాచారమును తెచ్చు పెద్దలును నిర్మాతలే. పత్రములో ఒక గడిని పెంచుట గుమాస్తాకు క్షణము పని. దానిని నింపలేక వరుసలో మూడుమాఱులు నిలుచు వితంతువునకు అది మూడు దినముల కూలి. ఆమె యక్కఱ సభలో ఎవరికిని వినబడదు, ఏలయన నియమము చేయునపుడు ఆమె యచ్చట లేదు. ప్రోగ్రామింగు భాష విషయమునను ఇంతే. రాబోవు చదువరి యింకను పుట్టియుండకపోవచ్చును. వాని పక్షమున మాటలాడవలసినవాడు నిర్మాతయే. అందుచేత క్రొత్త నియమ మేదైనను మన ముందునకు వచ్చినపుడు, ఇది యెంత తెలివైనదని యడుగుటకు ముందు, దీని బరువు ఎవరిమీద పడుచున్నది, వారిని అడిగితిరా, వలదన్నచో తీసివేయు మార్గ ముంచితిరా యని యడుగుట నేర్చుకొందము. మనమే నియమము చేయుచోట ఈ ప్రశ్నలను మొదట మనకే వేసికొందము.